మొదలుపెట్టిన పుస్తకం పూర్తి చేసి తీరాలా? అపోహలు - వాస్తవాలు

శాఖా గ్రంథాలయంలో నా ఉద్యోగం. పుస్తకం తిరిగి ఇస్తూ "సగమే చదివానండీ" అని తప్పు చేసినట్టు చెప్పేవాళ్లు చాలామంది. నాకు ఆ సగం ఎక్కడ ఆగిందో చెబితే చాలు. పాత్రల పేర్లు గుర్తుండక ఆగారా, వర్ణనలు విసుగు పుట్టించాయా అన్నదాన్ని బట్టే తర్వాతి పుస్తకం తీసిస్తాను.

అపోహ: మధ్యలో వదిలేయడమంటే క్రమశిక్షణ లేనట్టే.

వాస్తవం: పరీక్షల పుస్తకం సంగతి వేరు, సరదాకి చదివే నవల వేరు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రచురించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చేయమనేది. నచ్చని నవల పూర్తయ్యేదాకా ఇంకోటి ముట్టుకోనని పట్టుబట్టినవాళ్లకు చివరికి చదివే అలవాటే పోతుంది.

అపోహ: సినిమాకి డబ్బు పెట్టాం కాబట్టి చివరిదాకా చూడాలి.

వాస్తవం: మధ్యలో లేచినా, చివరిదాకా కూర్చున్నా టికెట్ డబ్బు వెనక్కి రాదు. ఇంకా మన చేతిలో ఉన్నది మిగిలిన గంటన్నర మాత్రమే. ఆర్క్స్, బ్లూమర్ అనే మనస్తత్వవేత్తలు 1985లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒహాయో యూనివర్సిటీ నాటకాల సీజన్ టికెట్లు (సీజన్‌లోని నాటకాలన్నిటికీ కలిపి కొనేవి) కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గించి ఇచ్చారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకాలు అందరికీ అవే.

అపోహ: యాభై పేజీల్లో పట్టుకోకపోతే ఆ పుస్తకం మనది కాదు.

వాస్తవం: ఇది అమెరికన్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చెప్పిన సూత్రం. యాభై ఏళ్లు దాటినవాళ్లు వందలోంచి వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలంటారామె. డిటెక్టివ్ నవలకు నేనూ ఇదే చెబుతాను. మాండలిక నవలలకు మాత్రం ఇది సరిపోదు. మా అల్మరాలో అలాంటి కొన్నింటిని పక్కనుంచి చూస్తే మొదటి ముప్ఫై నలభై పేజీల అంచులే చేతిమరకలతో నల్లబడి ఉంటాయి, ఆ తర్వాత కాగితం తెల్లగా ఉంటుంది. రాయలసీమ మాటైనా ఉత్తరాంధ్ర మాటైనా కొత్తవాళ్ల చెవికి అలవాటు కావడానికి కొంచెం టైమ్ పడుతుంది. ఒక అధ్యాయం పైకి చదివి చూడండి. మాట నోటికి తిరిగాక కథ దానంతటదే నడుస్తుంది. అప్పటికీ నడవకపోతే నిస్సంకోచంగా ఇచ్చేయండి. రెండేళ్ల తర్వాత అదే పుస్తకం అడిగి తీసుకెళ్లినవాళ్లున్నారు.

అపోహ: ఆపలేకపోతున్నామంటే నచ్చినట్టే.

వాస్తవం: వారపత్రికల సీరియళ్లలో ప్రతి వారం కథను ఒక ముడి దగ్గర ఆపేవారు. వెబ్ సిరీస్‌లదీ ఇదే పద్ధతి. ముగింపు తెలుసుకోవాలన్న ఆత్రం వేరు, కథ మీద ఇష్టం వేరు. ముగింపు ఇప్పుడే ఎవరైనా చెప్పేస్తే ఇంకా చదువుతారా అని అడిగి చూసుకోండి. చదవననిపిస్తే చివరి అధ్యాయం చూసేసి మూసేయండి. చదువుతాననిపిస్తే, ముగింపు తెలిసినా నష్టం లేదు: 2011లో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే మనస్తత్వ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో ముగింపు ముందే తెలిసిన పాఠకులు ఆ కథలను ఇంకాస్త ఎక్కువగానే ఇష్టపడ్డారు. సిరీస్ చూసేవాళ్లు తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే సెట్టింగ్ ఆపేసుకోండి. ఎపిసోడ్ చివర్లో కాకుండా, ముడి విడిపోయాక మధ్యలో ఆపితే లేవడం తేలిక.