తుంగభద్ర ఎడమ కాలువ: ఎగువన వరి, శివారున ఎండు, మధ్యలో ఆంధ్రా క్యాంపులు

తుంగభద్ర ఎడమ కాలువలో నీళ్లు కాస్త తగ్గాయంటే చాలు, కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో మళ్లీ అదే గొడవ మొదలవుతుంది. మాన్వి, సిరవార, రాయచూరు తాలూకాల శివారు రైతులు, అంటే కాలువ చివరన ఉన్నవాళ్లు, రోడ్డెక్కి, మా వాటా అంతా పైన గంగావతి, కారటగి, సింధనూరుల్లోనే అయిపోతోందంటారు. ఆ వెంటనే వేలు ఆంధ్రా క్యాంపుల వైపు, అంటే కోస్తా నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ తెలుగు రైతుల ఊళ్ల వైపు తిరుగుతుంది. వాళ్లొచ్చి వరి వేయబట్టే ఇదంతా అని. అందులో అబద్ధం లేదు. కానీ ఆ వరి అక్కడికి ఎలా వచ్చింది, వస్తుంటే ఎవరు చూస్తూ ఊరుకున్నారు అన్నది వదిలేస్తే సగం కథే అవుతుంది.

1945 ఫిబ్రవరి 28న తుంగభద్ర డ్యాముకు రెండు ఒడ్డుల్లోనూ శంకుస్థాపన జరిగింది, ఎడమ వైపు నిజాం రాజ్యం, కుడి వైపు మద్రాసు. రాయచూరు, బళ్లారి ప్రాంతాల కరువు తీర్చాలన్నది ఉద్దేశం. అందుకే నీళ్లను తక్కువ తక్కువగా ఎక్కువ ఊళ్లకు పంచాలనుకున్నారు. ఎడమ కాలువ పొడవే 227 కిలోమీటర్లు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ప్రభుత్వమే ముందుగా రాసిపెట్టింది, దాన్నే లోకలైజేషన్ అంటారు. ఎక్కువ భూమికి జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటలు, వరికీ చెరుకుకీ కొద్ది భాగమే. కాలువల వెడల్పూ, తూముల సైజూ ఆ లెక్కకే కట్టారు.

1953లో నీళ్లొచ్చాయి. వాడుకునేవాళ్లేరి? అక్కడి రైతులకు పదుల ఎకరాల నల్లరేగడి ఉంది గానీ తరతరాలుగా వాన మీద జొన్న, పత్తి పండించిన చేతులవి. ఎత్తుపల్లాల చేలను మడులుగా చదును చేసి గట్లు వేయాలంటే డబ్బు కావాలి, ఎడ్లు కావాలి, మనుషులు కావాలి. అవి లేని వాళ్లు కొంత అమ్ముకుని మిగతాది చూసుకుందామనుకున్నారు.

ఇక్కడ కోస్తాలో పరిస్థితి పూర్తిగా వేరు. బెజవాడ ఆనకట్ట 1855 నాటిది. నూరేళ్ల కాలువ సేద్యంలో భూమి ధర ఆకాశానికంటింది, అన్నదమ్ముల పంపకాల్లో కమతాలు ముక్కలయ్యాయి. మూడెకరాలు పంచుకున్న ముగ్గురు కొడుకుల్లో ఒకడు వేరే దారి చూసుకోక తప్పదు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యే రోజుల నుంచే గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లు బోధన్, వర్ని వైపు వెళ్లి స్థిరపడుతున్నారు, వాళ్లు బాగుపడ్డారన్న కబురు ఊళ్లల్లో ఉండనే ఉంది. డెల్టాలో ఒక్క ఎకరం అమ్మితే అక్కడ ఐదు, పది ఎకరాలొస్తాయన్నది క్యాంపుల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పే లెక్క.

ముందు మగవాళ్లు వెళ్లి చూసొచ్చేవారు. బెజవాడ నుంచి గుంతకల్లు దాకా మీటర్‌గేజి రైలు, అక్కడ మారి హోస్పేట, ఆపైన బస్సో, ఎడ్లబండో. భూమి బేరం కుదిరాక ఇల్లు కదిలేది. పెట్టుబడి అంటే అమ్మిన పొలం డబ్బుతో పాటు ఆడవాళ్ల ఒంటి మీది బంగారం కూడా, ఆ సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. పాత ఊళ్లల్లో ఇళ్లు దొరక్క, దొరికినా పొలం దూరమై, కాలువ పక్క సొంత చేలోనే గుడిసెలు వేసుకున్నారు. అలా వెలసినవే క్యాంపులు. మొదటి రెండు మూడేళ్లు బతుకంతా చదును పనే. వేసవిలో రేగడి కాలు పట్టేంత నెర్రెలిస్తుంది, తడిస్తే నాగలికి బంకలా అంటుకుంటుంది, అందుకని ఆ రెండింటి మధ్య దొరికే కొన్నాళ్లలోనే ఎడ్లకు చెక్క కట్టి మెరక మట్టిని పల్లానికి లాగాలి. ఇంటావిడకు వంటా, గొడ్లూ, పిల్లలూ, కూలీలకు అన్నం. తాగేది కాలువ నీళ్లే. పుట్టింటికి ఉత్తరం రాస్తే జవాబు ఎప్పటికొస్తుందో తెలియని రోజులు.

కాగితాల గోల ఇంకో తలనొప్పి. అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో భూమి రికార్డులు ఉర్దూలో ఉండేవి, మన రూపాయల పక్కనే నిజాం సొంత రూపాయి హాలీ సిక్కా నడిచేది, ఏడు హాలీ రూపాయలకు ఆరు మామూలు రూపాయలు. ఈలోగా 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. హైదరాబాద్ రాష్ట్రంలో భూమి కొన్నవాళ్లు ఇల్లు కదలకుండానే కన్నడ రాష్ట్రవాసులైపోయారు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ, పెట్టెలో ఉర్దూ పత్రాలు. పిల్లలు కన్నడ బడికి వెళ్లారు, పెళ్లి సంబంధాలకు మాత్రం చాలాకాలం గుంటూరు, తణుకు వైపే చూశారు. క్యాంపుల మధ్య సంబంధాలు కలుపుకోవడం తర్వాత్తర్వాత వచ్చింది.

ఇక అసలు పేచీ, వరి. ఉన్నదంతా అమ్ముకుని వచ్చినవాడికి తెలిసిన పంట అదొక్కటే, చేతిలో డబ్బు కనిపించేదీ అదే. తన సర్వే నంబరు ఆరుతడికి రాసి ఉందని వాడు జొన్న వేస్తాడనుకోవడం అమాయకత్వం. వరి ఒక ఎకరం తాగే నీళ్లతో ఆరుతడి రెండెకరాలకు పైనే పండుతుంది, కాబట్టి పైన వరి పెరిగినకొద్దీ కింద కాలువ ఎండాల్సిందే. నిబంధన మీరితే జరిమానాలున్నాయి, రాశారు కూడా, వసూలు మాత్రం అంతంతే. దేశమంతా బియ్యం కొరతతో అల్లాడుతున్న రోజుల్లో మిల్లులకు వస్తున్న ధాన్యాన్ని ఏ ప్రభుత్వం ఆపుతుంది? మొదట్లో కాలువ నీళ్లు వాడేవాళ్లు లేక మిగిలిపోయేవి గనక ఎవరికీ నొప్పి తెలియలేదు. శివారు దాకా చేలు చదునై అక్కడి రైతు నీళ్లడిగే నాటికి పైన వరి పాతుకుపోయింది. ఎగువన ఉన్న స్థానిక రైతులు కూడా క్యాంపుల వాళ్లను చూసి వరికి మారారు, ఈ ముక్క గొడవల్లో ఎవరూ ఎత్తరు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 రకం వరి కూడా ఇక్కడ బాగా పాకింది.

శివారులో ఇది ఎలా ఉంటుందంటే, వంతు వచ్చిన రాత్రి రైతు టార్చి పట్టుకుని తూము దగ్గర కాపలా కాస్తాడు. పైన ఎవరో కాలువలో బండరాళ్లు, ఇసుక బస్తాలు అడ్డం వేసి మట్టం పెంచుకుని లాగేసుకుంటారు, లేదా మోటారు పెడతారు. కాలువ కాపలా చూసే లస్కర్‌ను అడిగితే ఇంజనీరు దగ్గరికి పొమ్మంటాడు, ఇంజనీరు నీటి మట్టం కొలిచే గేజి చూపిస్తాడు. ఆ కోపాన్ని భాష గొడవ కింద కొట్టేయడం తప్పు.

నీళ్లు కూడా మునుపటిలా లేవు. 133 టీఎంసీల జలాశయం పూడికతో 105 టీఎంసీల చిల్లరకు తగ్గింది. 2024 ఆగస్టులో డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు పైవాళ్లూ కిందివాళ్లూ ఒకే టెన్షన్ పడ్డారు, గేటు స్థానంలో స్టాప్‌లాగులనే ఉక్కు పలకలు దించి నీళ్లు ఆపాక ఎవరి లెక్కలు వాళ్లవయ్యాయి. చదును చేసిన తరం మనవలు ఇప్పుడు క్యాంపుల్లో కన్నడంలో ఓట్లడుగుతున్నారు, కొందరు పొలం కౌలుకిచ్చి బెంగళూరు చేరారు. వాళ్ల చేలల్లో చాలావాటికి లోకలైజేషన్ రికార్డులో ఇవాళ్టికీ ఆరుతడి అనే ఉంది.