లేనీ రీఫెన్‌స్టాల్ వివాదం: న్యూరెంబర్గ్ కన్నా ముందు క్రూన్ వైపు చూడాలి

హిట్లర్ కోసం సినిమాలు తీసిన జర్మన్ దర్శకురాలు లేనీ రీఫెన్‌స్టాల్ చనిపోయి ఇరవై ఏళ్లు దాటినా ఆమె చుట్టూ గొడవ సద్దుమణగలేదు. 2024లో వెనిస్ చిత్రోత్సవంలో ఆండ్రెస్ వైయెల్ తీసిన డాక్యుమెంటరీ ప్రదర్శించాక అది మళ్లీ రాజుకుంది. ఆమె దాచుకున్న ఉత్తరాలు, ఫొటోలు, ఫోన్ సంభాషణల టేపులు దాదాపు 700 పెట్టెలు. అవి 2018లో బెర్లిన్‌లోని ప్రష్యన్ సాంస్కృతిక వారసత్వ సంస్థకు చేరాయి. వైయెల్ సినిమాకు ముడిసరుకు ఆ పెట్టెలే. దాంతో పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది: ఆమె కళను ఆమె చేసిన పనుల నుంచి విడదీసి చూడొచ్చా?

నర్తకిగా మొదలై, మంచుకొండల సినిమాల్లో తారై, 1932లో సొంతంగా దర్శకురాలై, హిట్లర్ కోసం న్యూరెంబర్గ్ పార్టీ సభలనూ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌నూ చిత్రీకరించి, ముసలితనంలో సూడాన్ నూబా ప్రజల ఫొటోలతో, సముద్రగర్భ చిత్రాలతో మళ్లీ పేరు తెచ్చుకున్న మనిషి ఆమె. ఆ కథ తెలియని సినిమా విద్యార్థి ఉండడు. చర్చ అంతా న్యూరెంబర్గ్ సినిమా దగ్గరే తిరుగుతుంటుంది. దానికి ఆమె దగ్గర జీవితాంతం ఒకటే జవాబు: నన్ను తీయమన్నారు, తీశాను, జరిగింది జరిగినట్టు చూపించాను, రాజకీయం నాకు తెలియదు.

ఆ జవాబు ఏమాత్రం పనికిరాని సినిమా ఒకటుంది. ‘టీఫ్‌లాండ్’. అందులో నాజీ జెండా లేదు, ప్రసంగం లేదు. పార్టీ తీయమన్న సినిమా కూడా కాదు. యూజెన్ డాల్బర్ట్ ఒపేరా (సంగీత నాటకం) ఆధారంగా ఆమె ఎన్నో ఏళ్లుగా తీయాలనుకున్న కథ. నిర్మాణం ఆమె సొంత కంపెనీది, దర్శకత్వం ఆమెది, కథానాయిక మార్తా పాత్రా ఆమెదే. కాబట్టి ఆ సెట్‌లో ఏం జరిగినా ‘పైనుంచి చెప్పారు’ అనడానికి వీల్లేదు.

కథ జరిగేది స్పెయిన్‌లో. యుద్ధం వల్ల అక్కడికి వెళ్లడం కుదరక బవేరియాలో మిట్టెన్‌వాల్డ్ దగ్గరి క్రూన్ ఊళ్లో స్పెయిన్ పల్లె సెట్ వేశారు. సెట్‌లో తిరగడానికి స్పెయిన్ వాళ్లలా కనిపించే జనం కావాలి. మామూలుగా ఏ సినిమాకైనా జూనియర్ ఆర్టిస్టులను పిలిపిస్తారు, రోజు కూలి ఇస్తారు, సాయంత్రానికి ఇంటికి పంపుతారు. 1940 శరదృతువులో క్రూన్‌కు వచ్చినవాళ్లు అలా రాలేదు. సాల్జ్‌బర్గ్ పక్కన మాక్స్‌గ్లాన్‌లో, జిప్సీలని పిలిచే రోమా, సింటీ ప్రజలను బంధించిన శిబిరం నుంచి పిల్లలూ పెద్దలూ కలిపి యాభై మందికి పైగా తెచ్చారు. రాత్రిళ్లు ఒక కొట్టంలో పెట్టి తాళం వేసి, కాపలా పెట్టారు. కూలి వాళ్ల చేతికి రాలేదు.

వాళ్లలో ఒక అమ్మాయికి అప్పుడు పదిహేడేళ్లు. తల్లిని శిబిరం నుంచి ఎక్కడికో పంపేస్తున్నారని విని సెట్ నుంచి పారిపోయింది. దొరికిపోతే జైల్లో వేశారు. రీఫెన్‌స్టాల్ జైలుకొచ్చి తనను క్షమాపణ అడగమందని, అడగనన్నానని, ఆ తర్వాత తనను రావెన్స్‌బ్రూక్ కాన్సంట్రేషన్ క్యాంపుకు పంపారని ఆమె దశాబ్దాల తర్వాత సాక్ష్యం చెప్పింది. మిగతా ఆరోపణలన్నీ పక్కనపెట్టినా నా మటుకు ఈ ఒక్కటి చాలు. తల్లి కోసం పారిపోయిన పిల్ల, దర్శకురాలి లెక్కలో షూటింగ్‌కు అడ్డంకి అయింది.

1942లో స్టూడియో దృశ్యాల కోసం బెర్లిన్‌లోని మార్ట్‌సాన్ శిబిరం నుంచి మరికొందరిని, కనీసం 65 మందిని, తీసుకున్నారు. ఈ మార్ట్‌సాన్ శిబిరం ఎప్పుడు పుట్టిందో గుర్తుచేయాలి. 1936 జులైలో, ఒలింపిక్స్‌కు వచ్చే అతిథుల కంట పడకుండా బెర్లిన్ వీధుల్లోంచి రోమా, సింటీ కుటుంబాలను తరలించి అక్కడ పడేశారు. అదే నగరంలో, అదే వేసవిలో రీఫెన్‌స్టాల్ బృందం స్టేడియంలో కెమెరాలు బిగిస్తోంది. అప్పుడు ఎవరి కంటా పడకూడదని ఊరవతలికి నెట్టిన జనమే ఆరేళ్ల తర్వాత ఇంకో సినిమాకు కావలసొచ్చారు.

షూటింగ్ అయ్యాక వాళ్లను శిబిరాలకు తిప్పి పంపేశారు. 1942 డిసెంబరులో రోమా, సింటీలను ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపాలని నాజీ ఎస్ఎస్ దళాల అధిపతి హిమ్లర్ ఉత్తర్వు వెలువడింది. 1943 వసంతం నుంచి మాక్స్‌గ్లాన్, మార్ట్‌సాన్‌ల నుంచి జనాన్ని ఆష్విట్జ్‌కు తరలించారు. తెరమీద మార్తా నాట్యం చేస్తుంటే చుట్టూ చేరి చూసే ఊరి జనంలో ఉన్నవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. సినిమా 1954లో విడుదలైంది.

మాక్స్‌గ్లాన్ శిబిరానికి నేను వెళ్లనే లేదు, మనుషులను ఎంచింది నా సహాయకులు అని రీఫెన్‌స్టాల్ చెబుతూ వచ్చారు. ఈ విషయం రాసిన పత్రిక యజమానిపై 1949లో మ్యూనిక్‌లో కేసు వేసి గెలిచారు కూడా. యుద్ధానంతర విచారణల్లో ఆమెకు పడ్డ ముద్ర ‘వెంట నడిచినవారు’, అంటే నేరస్థురాలు కాదు, నాజీల వెనక నడిచిన మనిషి అనేది మాత్రమే. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ల పాటు ఈ సంగతి పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

ఎత్తింది నీనా గ్లాడిట్స్ అనే డాక్యుమెంటరీ దర్శకురాలు. బతికి బయటపడ్డవాళ్లను వెతికి పట్టుకుని, వాళ్ల మాటలతోనే 1982లో సినిమా తీశారు. రీఫెన్‌స్టాల్ కోర్టుకెక్కారు. ఫ్రైబర్గ్‌లో ఏళ్ల తరబడి నడిచిన ఆ కేసులో, జూనియర్ ఆర్టిస్టులను శిబిరం నుంచి బలవంతంగా తెచ్చారనీ కూలి ఇవ్వలేదనీ చెప్పే హక్కు గ్లాడిట్స్‌కు దక్కింది. ఆష్విట్జ్ గురించి రీఫెన్‌స్టాల్‌కు ముందే తెలుసన్న భాగం మాత్రం రుజువు కాలేదని, దాన్ని తీసేయాలని కోర్టు చెప్పింది. సాక్షి చెప్పిన మాటను కోయనన్నారు గ్లాడిట్స్. ఫలితంగా ఆ సినిమా దశాబ్దాల పాటు టీవీ సంస్థ బీరువాలోనే ఉండిపోయింది. 2021లో కన్నుమూసేదాకా గ్లాడిట్స్ ఈ పని వదల్లేదు. ఇప్పుడు వైయెల్ సినిమా గురించి మాట్లాడేవాళ్లు ఆమె పేరు కూడా తలవాలి.

రీఫెన్‌స్టాల్‌కు అప్పటికి ఏమీ తెలియదన్న మాటకు ఇంకో అడ్డు ఉంది. 1939 సెప్టెంబరులో ఆమె సొంత చిత్రీకరణ బృందంతో పోలండ్‌లోని కోన్‌స్కీ పట్టణానికి వెళ్లారు. అక్కడ జర్మన్ సైనికులు ఇరవై మందికి పైగా యూదులను కాల్చి చంపారు. ఆ రోజు ఎవరో తీసిన ఫొటోలో ఆమె ముఖం బాధతో వికలమై ఉంటుంది. తూటాల మోత విన్నాను, సేనానికి ఫిర్యాదు చేశాను అని ఆమె తర్వాత రాసుకున్నారు. ఆమె పెట్టెల్లోంచి వైయెల్ బయటపెట్టిన 1952 నాటి ఉత్తరం వేరేలా చెబుతోంది. దృశ్యంలోంచి యూదులను తప్పించమని ఆమే అడిగారనీ, ఆ మాట కింది సైనికులకు చేరాకే తోపులాట, కాల్పులు మొదలయ్యాయనీ ఆనాటి సైనికాధికారి ఒకరు అందులో రాశారు. ఒక్క ఉత్తరంతో తీర్పు చెప్పలేం. కానీ క్రూన్‌కు శిబిరం మనుషులు వచ్చింది దాని తర్వాత ఏడాదికి.

1932 నాటి ఆమె తొలి సినిమా కథా రచనలో పాలుపంచుకున్న బేలా బాలాష్ యూదుడు. తనకు రావలసిన డబ్బు ఆయన అడిగితే, ఆ వ్యవహారం చూసుకునే అధికారాన్ని ఆమె 1933 డిసెంబరులో చేతిరాతతో యూలియస్ ష్ట్రైచర్‌కు రాసిచ్చారు. యూదులపై విషం కక్కే పత్రిక నడిపిన మనిషి అతను. 1938లో ఆ సినిమా మళ్లీ విడుదలైనప్పుడు బాలాష్ పేరు తెరమీద లేదు.

నూబా ఫొటోల గురించి 1975లో అమెరికన్ రచయిత్రి సూసన్ సొంటాగ్ గట్టిగా రాశారు, ఆ దేహారాధనలో పాత భావజాలమే ఉందని. దానిపై వాదోపవాదాలు నేటికీ నడుస్తున్నాయి. ఫొటోల అందంపై ఎవరి అభిప్రాయం వారిది. క్రూన్‌లో తాళం వేసిన కొట్టం మాత్రం అభిప్రాయం కాదు.

2002 ఆమెకు వందేళ్లు నిండిన ఏడాది. ఆ జిప్సీలందరినీ యుద్ధం తర్వాత మళ్లీ చూశాను, ఒక్కరికీ ఏమీ కాలేదు అని ఆమె ఒక జర్మన్ పత్రికతో అన్నారు. బతికున్న ఒకరు కొలోన్‌లోని రోమా సంఘం అండతో దాన్ని సవాలు చేశారు. ఆ మాట మళ్లీ అననని రీఫెన్‌స్టాల్ హామీపత్రం మీద సంతకం చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో 101 ఏళ్ల వయసులో ఆమె చనిపోయారు.