నీ చుక్కల సీసా మా దగ్గరే ఉండిపోయింది

తిరుపతి, కొర్లగుంట

చిరంజీవులు హారికకు, నందుకు తాత ఆశీస్సులు.

నందూ, నువ్వు సెలవులకొచ్చి పోయినాక మంచం కింద ఊడుస్తా ఉంటే మీ అవ్వకు నీ కంటి చుక్కల సీసా దొరికింది. అద్దాలు పెట్టుకొని పేరు చదివినా. స్టీరాయిడ్ మందు. పోయిన ఎండాకాలం దురదకు డాక్టరు రెండు వారాలకని రాసిచ్చింది. ఆ తర్వాత పాత సీసా చూపించి షాపులో నువ్వే తెచ్చుకుంటా ఉన్నావని హారిక చెప్పింది. డాక్టరు చూడకుండా అది వాడతా ఉంటే చూపుకే ముప్పు రావచ్చు. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

నా ఎడమ కన్ను సంగతి మీకు సగమే తెలుసు. 1968లో నాకు పన్నెండేళ్ళు. చంద్రగిరి పక్కన మా ఊళ్ళో బిళ్ళంగోడు ఆడతా ఉంటే బిళ్ళ ఎగిరొచ్చి కంటికి తగిలింది. లోపల రక్తం గూడు కట్టింది. రెండు కళ్ళకూ కట్టు కట్టి వారం రోజులు పడుకోబెట్టినారు. రక్తం కరిగింది, చూపొచ్చింది, అందరమూ మరిచిపోయినాం.

2011లో ఒక ఆదివారం తలకు పోసుకుంటా ఉంటే కుడి కంట్లో శీకాయ పడింది. ఆ కన్ను మూసుకొని బయటికొచ్చి గోడ మీది దేవస్థానం క్యాలెండరు వైపు చూసినా. స్వామి ముఖం ఉంది. శంఖం లేదు, చక్రం లేదు. అక్కడ నల్లగా ఉందా అంటే అదీ కాదు, అసలు ఏమీ గీయనట్టు ఉంది. అన్నాళ్ళూ ఎడమ కంటి లోటును కుడి కన్ను పూడుస్తా వచ్చింది, నాకు తెలిసేదెట్లా?

దాన్ని గ్లాకోమా అంటారు, మనవాళ్ళ మాటలో నీటికాసులు. వేరే కారణం ఏదీ కనబడకుండా వచ్చేది ఒక రకం. దెబ్బో, మందో, ఇంకో జబ్బో తెచ్చిపెట్టేది సెకండరీ గ్లాకోమా. నాది ఇదే.

హారికా, ఇది నీకు బాగా అర్థమవుతుంది. కంటి లోపల ఒక నీరు ఎప్పుడూ ఊరతా ఉంటుంది, కన్నీళ్ళు వేరు, ఇది వేరు. నల్లగుడ్డు అంచున ఉండే సన్నని జల్లెడ గుండా బయటికి పోతా ఉంటుంది. మన ఊరి చెరువు, దాని తూము అనుకో. చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు మొరవ మీదుగా పొర్లిపోతాయి. కంటికి మొరవ లేదు. తూము మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, ఆ భారం వెనకనుండే చూపు నరం మీద పడుతుంది. మామూలుగా ఆ ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం. నాకు 34 ఉండింది. ఆ నరంలో సుమారు పది లక్షల పోగులుంటాయి, చచ్చిన పోగు మళ్ళీ బతకదు. పక్కచూపు ముందు పోతుంది, నడిమి చూపు చివర్న. మామూలుగా నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ ఆసుపత్రికి పోరు.

నాకు ఆ దెబ్బకు తూము దగ్గర చీలింది. మచ్చ కట్టి, నలభై ఏళ్ళ తర్వాత మొరాయించింది. కంటికి గట్టి దెబ్బ తగిలినోళ్ళు జన్మంతా ఏడాదికోసారి ఒత్తిడి చూపించుకోవాలని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

నందూ, నీ మందు చేసే పని వేరే. స్టీరాయిడ్ కొందరిలో ఆ జల్లెడనే మార్చేస్తుంది, నీరు దిగదు. వాడినోళ్ళలో మూడోవంతు మందికి ఎంతో కొంత ఒత్తిడి పెరుగుతుంది, కొద్దిమందికి బాగా పెరుగుతుంది. పిల్లలకు తొందరగా పెరుగుతుంది. నువ్వు ఆ కొద్దిమందిలో ఉన్నావో లేదో అద్దంలో చూసుకుంటే తెలియదు. పైగా దురద తగ్గిపోతుంది కాబట్టి మందు మంచిదనే అనిపిస్తుంది. మంచిదే, కాదనను. కంటి లోపల వాపొస్తే ఆ వాపు వల్ల కూడా ఈ జబ్బొస్తుంది, దానికి డాక్టర్లు ఇచ్చేదీ స్టీరాయిడే. కాకపోతే వాళ్ళు ఒత్తిడి కొలుస్తా ఇస్తారు.

మీ అవ్వకు షుగరు కదా, అదీ ఒక దారి. లోపలి పొరకు రక్తం చాలకపోతే కొత్త రక్తనాళాలు పిచ్చిమొక్కల మాదిరి మొలిచి తూము దాకా పాకి దాన్ని మూసేస్తాయి. అందుకే ఏటా ఆమెను లాక్కోనిపోయి చూపిస్తా ఉండా, ఎంత గొణిగినా సరే. మా ఎదురింటి అవ్వది ఇంకో కథ. శుక్లం బాగా పండనీ, అప్పుడు తీయిద్దామని కొడుకు ఏళ్ళు గడిపినాడు. ఒకరోజు కన్నెర్రబడి, తల పగిలేట్టు నొప్పి, వాంతులు. పైత్యమని రెండు రోజులు సోడా తాపినారు. ముదిరిన శుక్లం ఒత్తిడి పెంచిందని తెలిసేటప్పటికి ఆ కంట్లో వెలుతురు తప్ప ఏమీ మిగల్లేదు.

నాకు పక్కనుంచి నీరు పోయేట్టు చిన్న దారి చేసి ఆపరేషన్ చేసినారు. చుక్కలు రోజూ వేసుకోవాల్సిందే. ఇదంతా ఉన్నది నిలుపుకోవడానికే. పోయిన శంఖమూ చక్రమూ ఎడమ కంటికి మళ్ళీ కనబడవు. గోవిందరాజస్వామి గుడి వీధిలో ఎడమవైపు నుంచి వచ్చే బండి ఇప్పటికీ పక్కకొచ్చేదాకా తెలియదు. అవ్వ ఎప్పుడూ ఆ పక్కనే నడిచేది అందుకే.

సీసా ఫోటో మీ నాన్న ఫోనుకు పంపినా. ఈ వారమే కంటి డాక్టరు దగ్గర ఒత్తిడి కొలిపించుకో. ఎన్నాళ్ళు వేసినావో తగ్గించకుండా చెప్పు. దురదకు వేరే మందులుండాయి, డాక్టరే ఇస్తారు. రెండు కళ్ళ అంకెలూ నాకు రాసి పంపు.

మీ తాత