పెంపుడు జంతువులకు పరలోకం ఉందా? అపోహలు – వాస్తవాలు

అపోహ: ధర్మరాజు తన వెంట కుక్కను స్వర్గానికి తీసుకెళ్లాడు.

వాస్తవం: కుక్క చనిపోయిన ఇంట్లో అందరూ చెప్పే ఓదార్పు ఇది. మహాభారతం మహాప్రస్థానిక పర్వంలో ఉన్నది వేరు. కుక్కలున్నవారికి స్వర్గంలో చోటు లేదనీ, వారి యజ్ఞదానాల ఫలాన్ని క్రోధవశులనే గణం హరిస్తుందనీ ఇంద్రుడు అడ్డుపడతాడు. కుక్క గతి ఏమిటన్న చర్చకు ధర్మరాజు దిగనే దిగడు. శరణన్నవాణ్ణి భయపెట్టడం, స్త్రీహత్య, బ్రాహ్మణుడి సొత్తు కాజేయడం, మిత్రద్రోహం – ఈ నాలుగింటికీ నమ్ముకున్నదాన్ని వదిలేయడం సాటి అంటాడు. అంతలో కుక్క ధర్మదేవతగా నిజరూపం చూపుతుంది. రథమెక్కే వేళకు అక్కడ కుక్కే లేదు!

అపోహ: హిందూ గ్రంథాల్లో జంతువుకు ఉత్తమగతి లేదు.

వాస్తవం: ఉంది. భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రుడు విష్ణు సారూప్యం, అంటే ఆయన రూపమే, పొందాడు. అయితే ఆ ఏనుగు పూర్వజన్మలో అగస్త్యుడి శాపం తగిలిన ఇంద్రద్యుమ్న మహారాజు. ఈ సగం మింగేసి కథ చెబితే అర్థమే మారిపోతుంది. జీవుడు దేహాలు మారుస్తూ పోతాడన్నది ఇక్కడి లెక్క. అందుకే "మా టామీ పైన టామీగానే ఎదురుచూస్తోంది" అన్న ఊహ ఇందులో ఇమడదు.

అపోహ: ప్రాణం పోయేటప్పుడు పెంపుడు జంతువునే తలచుకుంటే దాన్ని కలుసుకుంటాం.

వాస్తవం: భాగవతం పంచమ స్కంధంలో భరతుడు తల్లిలేని లేడిపిల్లను పెంచి, దాని ధ్యాసలోనే కన్నుమూసి, తానే లేడిగా పుట్టాడు. కలయిక మాట అక్కడ లేదు.

అపోహ: జంతువులకు పరలోకం లేదని బైబిల్ తేల్చేసింది.

వాస్తవం: చాలామంది ఎత్తిచూపే ప్రసంగి గ్రంథం 3:21 తీర్పు కాదు, జంతువు ప్రాణం కిందికి పోతుందో లేదో ఎవరికి తెలుసన్న ప్రశ్న. అందుకే క్రైస్తవ పండితులే రెండు దారుల్లో నడిచారు. జంతువు ఆత్మ దేహంతోనే పోతుందన్నాడు థామస్ అక్వినాస్. సృష్టి పునరుద్ధరణలో జంతువులకూ వాటా ఉందని జాన్ వెస్లీ 1781 నాటి ప్రసంగంలో వాదించాడు.

అపోహ: కుక్క పోయిన పిల్లవాణ్ణి పోప్ ఫ్రాన్సిస్ స్వర్గం పేరు చెప్పి ఓదార్చారు.

వాస్తవం: 2014లో పత్రికలు పొరపాటుగా రాశాయి. ఆ మాట పోప్ ఆరవ పాల్ పేరిట అంతకుముందే ప్రచారంలో ఉంది. ఇలాంటి మాటలు ఇతరులకు పంపే ముందు ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో చూడండి. సగం అక్కడే రాలిపోతాయి.

జంతువు సూటిగా స్వర్గం చేరిన కథే కావాలంటే బౌద్ధుల పాళీ గ్రంథం విమానవత్థులో ఉంది. సిద్ధార్థుణ్ణి మోసిన గుర్రం కంథకం, ఆయన ఎడబాటుతో చనిపోయి త్రయస్త్రింశమనే దేవలోకంలో పుట్టింది. అక్కడా గుర్రంగా కాదు, దేవపుత్రుడిగా.