"నరం పట్టేసింది" అంటే ఏ నంబరు?

మా పెద్దమ్మ వాళ్లది నరసాపురం పక్క పల్లెటూరు. పదేళ్ల వయసు నుంచి లేసు అల్లుతోంది, ఇప్పుడు అరవై దాటాయి. ఈ మధ్య రాత్రి రెండింటికో మూడింటికో చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోందట. లేచి కూర్చుని, తడి చేతిని విదిలించినట్టు విదిలిస్తే కాస్త సర్దుకుంటోందట. "చేతి నరం పట్టేసిందిరా అబ్బాయ్. మీ కంప్యూటర్లో దీనికేం నంబరుందో చూడు" అంది.

నేను చేసేది మెడికల్ కోడింగ్. అమెరికాలో డాక్టర్లు రాసిన చార్టులు చదివి, ప్రతి జబ్బుకీ తగిన కోడు వేయాలి. అక్కడి ఇన్సూరెన్సు వాళ్లు ఆ కోడు చూసి డబ్బు ఇవ్వాలో వద్దో తేలుస్తారు. పెద్దమ్మ అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆమె మాటలో ఉన్నవి రెండే ముక్కలు, చెయ్యి, నరం. ఆ రెండూ కోడింగుకి పనికిరావు.

ముందు నరం సంగతి. ఆసుపత్రిలో సెలైన్ పెట్టే సిస్టరు "నరం దొరకట్లేదండీ" అంటుంది. ఆమె వెతికేది రక్తనాళాన్ని. పిక్క పట్టేస్తే "నరం మీద నరం ఎక్కింది" అంటాం, నిజానికి అక్కడ బిగిసింది కండరం. "నరాల వీక్‌నెస్" అన్నప్పుడు మాత్రం నెర్వు గురించే మాట్లాడుతున్నాం. మూడింటికీ మనకి ఒకటే మాట. వరికోతల్లో కొడవలి జారి మణికట్టు దగ్గర తెగితే, ఊళ్లో అందరూ "నరం తెగింది" అనే అంటారు. కోడు పుస్తకం, అంటే అమెరికాలో వాడే జబ్బుల నంబర్ల జాబితా ఐసీడీ-10-సీఎం, ఒప్పుకోదు. మణికట్టు, అరచేతి భాగంలో తెగింది నెర్వు అయితే ఎస్64. రక్తనాళం అయితే ఎస్65. కండరమో, కండరాన్ని ఎముకకి కట్టే స్నాయువో అయితే ఎస్66. మూడూ తెగితే మూడూ వేయాల్సిందే.

చెయ్యి కూడా అంతే. భుజం నుంచి గోరు దాకా మనకి అంతా చెయ్యే. అదే నెర్వు భుజం, దండచెయ్యి భాగంలో దెబ్బతింటే ఎస్44, ముంజేతిలో అయితే ఎస్54. ఆపైన కుడో ఎడమో చెప్పాలి, వైద్యం ఏ దశలో ఉందో ఏడో స్థానంలో అక్షరంతో చెప్పాలి. కుడి మణికట్టు దగ్గర అల్నార్ నరం తెగి, ఇంకా అసలు వైద్యమే నడుస్తుంటే ఎస్64.01ఎక్స్ఎ. మధ్యలో ఆ ఎక్స్‌కి అర్థమేమీ లేదు. ఏడో అక్షరం ఏడో చోటే కూర్చోవాలి కాబట్టి, బంతిలో రానివాడికి వేసిన విస్తరిలా ఒక స్థానం ఖాళీగా ఉంచుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

పెద్దమ్మకి తెగిందేమీ లేదు కాబట్టి ఆమెది ఈ ఎస్ కోడుల గొడవ కాదు. దెబ్బ వల్ల కాకుండా చేతిలో ఒక నరానికి వచ్చే ఇబ్బందులన్నీ జి56 కిందికి వస్తాయి. అప్పుడే తగిలిన దెబ్బని ఇందులో వేయకూడదని పుస్తకంలోనే హెచ్చరిక ఉంటుంది. చేతిలోకి దిగే ముఖ్యమైన నరాలు మూడు. మీడియన్, అల్నార్, రేడియల్. ఏ నరానిదో పోల్చుకోవడానికి నాకు తోచిన తేలిక దారి అన్నం పళ్లెం. పప్పన్నం కలిపి ముద్ద చేసేటప్పుడు పనిచేసే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటి స్పర్శ మీడియన్ నరానిది. ముద్దకి దూరంగా నిలబడే చిటికెనవేలు అల్నార్‌ది. ఉంగరపువేలు మాత్రం అన్నదమ్ముల గట్టు లాంటిది, సగం అటు, సగం ఇటు. మోచేయి గుమ్మానికి తగిలినప్పుడు షాక్ కొట్టినట్టు చిటికెనవేలి దాకా పాకుతుందే, అదీ అల్నారే. రేడియల్ నరం నొక్కుకుపోతే మణికట్టు పైకి లేవదు, వేలాడిపోతుంది.

అందుకే పెద్దమ్మని అడిగాను, "చిటికెనవేలు కూడా తిమ్మిరెక్కుతోందా?" అని. లేదంది. రాత్రిళ్లు మెలకువ రావడం, విదిలిస్తే తగ్గడం, చిటికెనవేలు బాగుండడం, మూడూ కార్పల్ టన్నెల్ వైపే చూపిస్తాయి. కాలవ గట్టు కింద తూము లాంటి ఇరుకు దారి ఒకటి మణికట్టు దగ్గర ఉంటుంది. అడుగున, పక్కల చిన్న ఎముకలు, పైన గట్టి పట్టీ. అందులోంచి తొమ్మిది స్నాయువులూ మీడియన్ నరమూ కలిసి వెళ్లాలి. స్నాయువుల పొరలు ఉబ్బితే తూము వెడల్పు కాదు, నరమే నలుగుతుంది. నిద్రలో మణికట్టు వంగిపోతుంది కాబట్టి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. షుగరు, థైరాయిడు తగ్గడం, గర్భం, కీళ్లవాతం కూడా దీనికి దారితీస్తాయి. రాత్రంతా కీబోర్డు కొట్టే నాకూ ఇదొస్తుందని ఒకప్పుడు టెన్షన్ పడ్డాను. బలంగా పట్టుకుని పదేపదే చేసే పనికీ, అదిరే యంత్రాలకీ ఉన్నంత గట్టి రుజువు కీబోర్డుకి లేదని తెలిశాక కొంచెం తేలికపడ్డాను.

ఇంత అర్థమైనా నేను కోడు వేయకూడదు. కోడరు రోగిని చూడని మనిషి. డాక్టరు రాస్తేనే ఉన్నట్టు. బయటి రోగుల చార్టులో "కార్పల్ టన్నెల్ అయ్యుండొచ్చు" అని రాస్తే ఆ జబ్బు కోడు వేయడానికి వీల్లేదు, లక్షణానికే వేయాలి. తిమ్మిరి ఆర్20.2 కిందికి వస్తుంది. దాని కింద ఉన్న మాటల్లో ఒకటి ఫార్మికేషన్. లాటిన్‌లో ఫార్మికా అంటే చీమ. "చీమలు పాకినట్టుందండీ" అని మనవాళ్లు చెప్పేది తు.చ. తప్పకుండా కోడు పుస్తకంలో ఉంది. మొదటిసారి చూసినప్పుడు ఒక్కడినే నవ్వుకున్నాను.

అమెరికాలో ఈ పుస్తకం 2015 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు కార్పల్ టన్నెల్‌కి 354.0 అని ఒకటే కోడు, ఏ చెయ్యో అడిగేది కాదు. కొత్తది అడిగింది. కుడికి జి56.01, ఎడమకి జి56.02, చార్టులో రాయకపోతే జి56.00. చిత్రమేమిటంటే రెండు చేతులకీ కలిపి కోడు పెట్టడం మరిచారు. జి56.03 వచ్చింది మరుసటి ఏడాది అక్టోబరులో. అప్పటిదాకా రెండు చేతుల మనిషికి రెండు కోడులు వేసేవారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-11లో దీని నంబరు మళ్లీ మారి 8సి10.0 అయింది. అమెరికా చార్టులకి మేమింకా ఐసీడీ-10 కోడే వేస్తున్నాం.

షుగరు ఉంటే లెక్క ఇంకోలా తిరగొచ్చు. తిమ్మిరి ముందు రెండు పాదాల్లో మొదలై, తర్వాత చేతులకి తొడుగు తొడిగినట్టు వచ్చి, అది షుగరు వల్లేనని డాక్టరు రాస్తే, టైప్ 2 వాళ్లకి ఇ11.42. అది ఒక నరం జబ్బు కాదు. పెద్దమ్మకి షుగరు లేదు.

సంక్రాంతి వెళ్లాక భీమవరం తీసుకెళ్లాను. నరాల టెస్టులో మణికట్టు దగ్గర చిన్న కరెంటు పెట్టి, సంకేతం ఎంత వేగంగా దాటుతోందో చూశారు. కుడిచేతిలో బాగా నెమ్మదించింది. ఆమె ఏనాడూ చెప్పని ఎడమచేతిలో కూడా కొంచెం ఉంది. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోమన్నారు, తగ్గకపోతే చిన్న ఆపరేషను. చీటీ మీద "రెండు చేతులు" అని స్పష్టంగా ఉంది. అంటే జి56.03.

బస్సులో చెప్పాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. జబ్బుకి కారణమైన పనికి కూడా ఆ పుస్తకంలో కోడులున్నాయి, ఏళ్ల తరబడి చేసిన పని అయినా సరే. కొక్కెపు సూదితో లేసు అల్లడం వై93.డి1.

"లేసుకి కూడా నంబరుందా?" అని కాసేపు కిటికీలోంచి చూసింది. "డజనుకి ఎంతిస్తారో కూడా రాశారేంట్రా అందులో?"

లేదన్నాను. పట్టీ ఉన్న కవరు ఒళ్లో పెట్టుకుని, పాలకొల్లు వచ్చేదాకా ఇంకేం మాట్లాడలేదు.