తెర నల్లబడితే మానిటర్ పోయినట్టేనా? తక్కువ బడ్జెట్‌లో మానిటర్ కొనే విద్యార్థులకు అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో బాలాజీ కాలనీ, కొర్లగుంట లాంటి చోట్ల రూము తీసుకుని చదువుకునే పిల్లలకు మానిటర్ పోతే చేతిలో ఉండేది మహా అయితే ఏడెనిమిది వేలు. ఆ డబ్బుకు ఏళ్ల తరబడి కళ్లకు శ్రమ లేకుండా వాడుకునే తెర దొరుకుతుంది. పెట్టె మీద పెద్దగా అచ్చేసిన అంకెలను నమ్మి కొంటే మాత్రం దొరకదు. డబ్బు పెట్టాల్సింది మూడింటి మీదే: ప్యానెల్ (బొమ్మ చూపించే పలక) రకం, రిజల్యూషన్ (తెర మీది చుక్కల లెక్క), మీ కంప్యూటర్‌కు సరిపోయే పోర్టు.

అపోహ: తెర నల్లగా ఉందంటే మానిటర్ పోయినట్టే.

వాస్తవం: అంగడికి బయల్దేరే ముందు పది నిమిషాలు పరీక్షించండి. వీడియో కేబుల్ పీకేసి మానిటర్ ఒక్కటే ఆన్ చేయండి. ‘నో సిగ్నల్’ అని వస్తే మానిటర్ బతికే ఉంది. తేడా కేబుల్‌లోనో, గ్రాఫిక్స్ కార్డులోనో, ర్యామ్‌లోనో ఉంది. కరెంటు తీసేసి, ర్యామ్ బయటికి లాగి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగిస్తే చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టంలో కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు తగిలించడం కూడా తరచూ జరిగే పొరపాటే.

మానిటర్ మీది పవర్ లైటు కూడా వెలగకపోతే అడాప్టర్‌ను అనుమానించండి. అడాప్టర్ బయట ఉండే మానిటర్లలో ఎక్కువగా 12 లేదా 19 వోల్టులవి వస్తాయి. మార్చేటప్పుడు వోల్టేజి సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్లు పాతదానికి తగ్గకూడదు, పిన్ సైజూ ప్లస్ మైనస్‌లూ కలవాలి. లైటు వెలుగుతున్నా తెర నల్లగానే ఉంటే, కేబుల్ తగిలించి, గదిలో దీపం ఆర్పి టార్చిలైటు ఏటవాలుగా కొట్టండి. లోపల మసగ్గా బొమ్మ కనిపిస్తే ప్యానెల్ బాగానే ఉంది, పోయింది బ్యాక్‌లైటు (వెనకనుంచి వెలుతురిచ్చే దీపం). లైటు మిణుకుమంటూ ఆన్ కావడానికి తంటాలు పడుతుంటే పవర్ బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉండొచ్చు. వాటిని అదే కెపాసిటీ, అంతే లేదా అంతకు మించిన వోల్టేజి, 105 డిగ్రీల రకంతో మార్చాలి. ఈ పని మెకానిక్‌కే వదిలేయండి. ప్లగ్ పీకిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత చార్జి నిలిచి ఉంటుంది.

గీతలు పడుతున్నాయా? మానిటర్ మీది మెనూ బటన్ నొక్కండి. గీత మెనూ మీదుగా కూడా పోతుంటే తప్పు మానిటర్ లోపలే. మెనూ శుభ్రంగా ఉంటే ముందు కేబుల్ మార్చి చూడండి. ప్యానెల్ పగిలితే మాత్రం రిపేరుకు రూపాయి పెట్టొద్దు. విడి ప్యానెల్ ఖరీదుకు కూలి కలిపితే కొత్త మానిటర్ దగ్గరికే పోతుంది.

అపోహ: అదే డబ్బుకు ఎక్కువ అంగుళాలు వస్తే లాభమే.

వాస్తవం: ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. 22 అంగుళాలైనా 27 అంగుళాలైనా చుక్కలు అన్నే, తెర పెరిగే కొద్దీ ఒక్కో చుక్క లావవుతుంది. 21.5 అంగుళాల తెరలో అంగుళానికి సుమారు 102 చుక్కలు పడితే, 24లో 92, 27లో 82 మాత్రమే. హాస్టల్ టేబుల్ మీద మీ కంటికీ తెరకూ మధ్య రెండడుగులు కూడా ఉండదు. అంత దగ్గర నుంచి 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో తెలుగు ఒత్తులు, గుణింతాలు గరుకుగా కనిపిస్తాయి. పీడీఎఫ్‌లు చదవడానికి, కోడ్ రాయడానికి 22 లేదా 24 సరైన కొలత. 27 కావాలంటే 2560 × 1440 తీసుకోవాలి, అది ఈ బడ్జెట్‌లో కొత్తది రాదు.

18.5 అంగుళాల తెరలు చవగ్గా కనిపిస్తాయి. చాలావాటి రిజల్యూషన్ 1366 × 768 మాత్రమే. రెండు విండోలు పక్కపక్కన పెట్టుకుంటే ఇరుకు. ఇంకో వెయ్యి రూపాయలు కూడేదాకా ఆగడమే మేలు.

అపోహ: ‘ఎల్ఈడీ’ అని ఉంటే మంచి మానిటరే.

వాస్తవం: ఎల్ఈడీ అన్నది వెనకనుంచి వెలుతురిచ్చే దీపం పేరు. బొమ్మ నాణ్యత తేల్చేది ముందున్న ప్యానెల్. అందులో టీఎన్, వీఏ, ఐపీఎస్ అని మూడు రకాలు. టీఎన్ ప్యానెల్‌ను కింది నుంచి చూస్తే రంగులు తిరగబడి నల్లబడతాయి. మంచం మీద పడుకుని వీడియో పాఠాలు వినేవాళ్లకు అది నరకం. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది, కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు మధ్య తేడా) సుమారు 3000:1, కానీ చీకటి దృశ్యాల్లో కదిలే వస్తువుల వెనక మరకలాగా సాగుతుంది. ఐపీఎస్‌లో కాంట్రాస్ట్ దాదాపు 1000:1 అయినా ఏ వైపు నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. చదువుకు ఐపీఎస్సే తీసుకోండి. డిజైన్ పని ఉంటే రంగుల లెక్క కూడా చూడండి: 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ (కంప్యూటర్లలో మామూలుగా వాడే రంగుల ప్రమాణం), 45 శాతం అంటే వెలిసిపోయిన రంగులు.

అపోహ: 1 మిల్లీ సెకను రెస్పాన్స్ టైమ్ (చుక్క రంగు మారే సమయం), కోటికి ఒకటి కాంట్రాస్ట్ ఉంటే తిరుగులేదు.

వాస్తవం: ‘డైనమిక్ కాంట్రాస్ట్’ అంకె దీపాన్ని పెంచుతూ తగ్గిస్తూ రాబట్టిన లెక్క, దాన్ని పట్టించుకోవద్దు. ‘ఎంపీఆర్‌టీ’ (కదిలే బొమ్మ ఎంతసేపు మసకగా ఉంటుందో చెప్పే లెక్క) అని పక్కన రాసిన 1 మిల్లీ సెకను చాలా వరకు బ్యాక్‌లైటును ఆర్పి వెలిగించి సాధించేది. అది వాడితే తెర కాంతి తగ్గుతుంది. 60 హెర్ట్జ్‌లో, అంటే తెర సెకనుకు 60 సార్లు మారితే, ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీ సెకన్లు నిలుస్తుంది, అక్కడ 5 మిల్లీ సెకన్ల ప్యానెల్ చాలు. 100 హెర్ట్జ్ అదే ధరలో వస్తే తీసుకోండి, పేజీలు జరపడం హాయిగా ఉంటుంది. అయితే ఇంటికొచ్చాక విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి చూడండి. చాలామంది 100 హెర్ట్జ్ కొని 60లోనే వదిలేస్తున్నారు. 24 అంగుళాల్లో వంపు తెరకు అదనంగా డబ్బు ఇవ్వొద్దు.

అపోహ: పోర్టు ఏదైనా కన్వర్టర్ పెడితే సరిపోతుంది.

వాస్తవం: కన్వర్టర్లలో చాలావి ఒక దిక్కుకే పనిచేస్తాయి. పాత సీపీయూలో వీజీఏ (పాతకాలపు వీడియో పోర్టు) మాత్రమే ఉండి మానిటర్‌కు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే ‘వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ’ కన్వర్టర్ కావాలి, దానికి సాధారణంగా యూఎస్‌బీ నుంచి కరెంటు కూడా ఇవ్వాలి. అంగట్లో ఎక్కువగా కనిపించే ‘హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ’ ముక్క ఇక్కడ పనికిరాదు. అలాగే డిస్‌ప్లే పోర్టు ఉన్న కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ మానిటర్‌కు మామూలు ‘డిస్‌ప్లే పోర్టు నుంచి హెచ్‌డీఎంఐ’ కేబుల్ చాలు, తిరగేస్తే బొమ్మ రాదు. డీవీఐ డిజిటల్ పోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి మాత్రం చవకైన అడాప్టర్ చక్కగా పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ టైప్-సి పోర్టు వీడియో పంపుతుందో లేదో మోడల్ వివరాల్లో చూసి నిర్ధారించుకోండి, తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో అది ఫైళ్లు పంపుకోడానికే.

అపోహ: 32 అంగుళాల టీవీ కొంటే రెండు పనులకూ పనికొస్తుంది.

వాస్తవం: ‘హెచ్‌డీ రెడీ’ టీవీల్లో చాలావాటి రిజల్యూషన్ 1366 × 768. 32 అంగుళాల మీద అది అంగుళానికి 49 చుక్కలే. సినిమాకు సరే, చదువుకు వద్దు.

అపోహ: సెకండ్ హ్యాండ్ అంటే డబ్బు దండగ.

వాస్తవం: కంపెనీ ఆఫీసుల నుంచి వచ్చిన 22 అంగుళాల ఐపీఎస్ ఫుల్ హెచ్‌డీ మానిటర్ కొత్త చవక టీఎన్ కంటే మెరుగు. కాకపోతే మేము పెట్టే గీత ఒకటుంది: కొత్తదాని ధరలో సగం దాటితే తీసుకోవద్దు. ల్యాప్‌టాప్, కేబుల్ మీరే తీసుకెళ్లండి. తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసగా పెట్టి చూడండి. తెలుపులో అంచులు పసుపెక్కినా, టాస్క్‌బార్ నీడ అచ్చుపడి ఉన్నా వదిలేయండి. అరగంట ఆన్‌లో ఉంచండి, కొన్ని లోపాలు వేడెక్కాకే బయటపడతాయి. వెనక స్టిక్కర్ మీద తయారీ తేదీ చదవండి. స్టాండు లేకపోయినా వెనక 75 లేదా 100 మిల్లీమీటర్ల ఎడంలో వెసా రంధ్రాలుంటే విడిగా స్టాండు బిగించుకోవచ్చు.

కొత్తదానిలో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అసలుదో కాదో తెలిసిపోతుంది.

అపోహ: మానిటర్‌కు స్టెబిలైజర్ తప్పనిసరి.

వాస్తవం: అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే లో వోల్టేజిని అదే సర్దుకుంటుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉరుములు మెరుపుల వానల్లో భయపడాల్సింది ఒక్కసారిగా ఎగిరే వోల్టేజికి. ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్, సర్జ్ ప్రొటెక్టర్ చూసుకోండి. పిడుగుల వేళ ప్లగ్ పీకేయండి.

అపోహ: చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీట్‌లో కొంటేనే గిట్టుబాటు.

వాస్తవం: రానూపోనూ చార్జీలు, ఒక రోజు చదువు కలిపి లెక్కేయండి. ఐదారు వందల తేడాకు అంతదూరం పోనక్కర్లేదు. ఎక్కడ కొన్నా బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీలో ఇంటికొచ్చి చూస్తారా, మనమే మోసుకెళ్లాలా, ఎన్ని చుక్కలు చచ్చిపోతే మారుస్తారు అన్నది డబ్బు కట్టకముందే అడగండి. ఒకటి రెండు చుక్కలకు చాలా కంపెనీలు మార్చవు. రైల్లోనో బస్సులోనో తెచ్చేటప్పుడు పెట్టెను నిలువుగానే ఉంచండి, పడుకోబెట్టి మీద బ్యాగులు పేరిస్తే ప్యానెల్ పగులుతుంది. ఆ పెట్టె, థర్మోకోల్ వారంటీ ముగిసేదాకా మంచం కింద దాచండి. సర్వీసుకు పంపాల్సి వస్తే అవి లేకుండా మానిటర్ క్షేమంగా చేరదు.