గ్రీన్‌వాషింగ్: అపోహలు - వాస్తవాలు

కంపెనీల పర్యావరణ నివేదికల్లో అంకెలు సరిచూడటం నా వృత్తి. లేని పర్యావరణ హితాన్ని ఉన్నట్టు చూపించుకోవడమే గ్రీన్‌వాషింగ్. ఎవరికి అలాంటి ఏ ప్రకటన కనిపించినా నా దగ్గరికి తెచ్చి "ఇది నిజమేనా?" అని అడుగుతుంటారు. చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

అపోహ: గ్రీన్‌వాషింగ్ అంటే అబద్ధం చెప్పడం.

వాస్తవం: పచ్చి అబద్ధాలు తక్కువే. నిజాల్లోంచే పనికొచ్చేవి ఏరి చూపిస్తారు. ఫ్రిజ్ మీద "సీఎఫ్‌సీ రహితం" అని ఉంటే అది నిజమే. కానీ ఓజోన్ పొరను దెబ్బతీసే ఆ వాయువులను ఫ్రిజ్‌లలో వాడటం మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలో 2010 నాటికే ఆగిపోయింది. అందరూ చట్టానికి లోబడి మానేసిన దాన్ని తన ఘనతగా చెప్పుకోవడమన్న మాట.

అపోహ: "ఉద్గారాల తీవ్రత 12 శాతం తగ్గించాం" అంటే కాలుష్యం అంత తగ్గినట్టే.

వాస్తవం: నాకు ఒళ్లు మండే వాక్యం ఇదే. తీవ్రత అంటే మొత్తం ఉద్గారాలను మరో అంకెతో భాగిస్తే వచ్చేది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి తప్పనిసరిగా ఇస్తున్న బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికలో ముందుగా భాగించేది రూపాయల టర్నోవర్‌తో, అంటే అమ్మకాల విలువతో. ఒక లెక్క ఊహించండి. నిరుడు వెయ్యి కోట్ల అమ్మకాలకు లక్ష టన్నుల ఉద్గారాలు. ఈ ఏడాది సరుకు పది శాతం ఎక్కువ తయారైంది, ధర కూడా పెరిగింది. అమ్మకాలు 1,250 కోట్లు, ఉద్గారాలు 1,10,000 టన్నులు. కోటికి 100 టన్నులున్న తీవ్రత 88కి దిగింది! గాలిలోకి పదివేల టన్నులు అదనంగా వెళ్లాయి, ప్రకటనలో మాత్రం 12 శాతం తగ్గుదల. ఒక్క యంత్రమూ మార్చలేదు, ధరల పట్టిక మార్చారంతే.

అందుకే నేను ముందు మొత్తం టన్నులు చూస్తాను. ఆ తర్వాత టన్ను సరుకుకు ఎంత అన్నది. ఇక సరఫరాదారుల దగ్గర, వినియోగదారుల చేతుల్లో వెలువడే స్కోప్ 3 ఉద్గారాలు చెప్పడం ఆ నివేదికలో స్వచ్ఛందమే. పెట్రోలు అమ్మే కంపెనీకి అసలు పొగంతా అక్కడే ఉంటుంది మరి.

అపోహ: ఈఎస్‌జీ (పర్యావరణ, సామాజిక, పాలనా అంశాల) రేటింగ్ బాగుంటే భూమికి మంచి కంపెనీ.

వాస్తవం: చాలా రేటింగ్‌లు కొలిచేది ఆ సమస్యల వల్ల కంపెనీకి ఉన్న ముప్పును. కంపెనీ వల్ల భూమికి ఉన్న ముప్పును కాదు. 2022 మేలో అమెరికా కంపెనీల ఎస్ అండ్ పీ 500 ఈఎస్‌జీ సూచీ నుంచి విద్యుత్ కార్ల కంపెనీ టెస్లాను తీసేశారు, చమురు కంపెనీ ఎక్సాన్ మొబిల్ మాత్రం అప్పుడు అందులోనే ఉండిపోయింది.

అపోహ: ఫండ్ పేరులో ఈఎస్‌జీ ఉంటే లోపలున్నవన్నీ వడపోసినవే.

వాస్తవం: ఫండ్‌లు నడిపే వాన్‌గార్డ్ సంస్థకు 2024 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 1.29 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. నైతిక ప్రమాణాలతో వడపోశామని చెప్పిన బాండ్ ఫండ్‌లో, విలువ ప్రకారం దాదాపు 74 శాతాన్ని అసలు పరిశీలించనే లేదు. మన దగ్గర ఈఎస్‌జీ ఫండ్ ఆస్తుల్లో కనీసం 80 శాతం ఆ వ్యూహం ప్రకారమే ఉండాలని సెబీ 2023లో నిర్దేశించింది. అయినా పేరు పక్కన పెట్టి, నెలనెలా వచ్చే పోర్ట్‌ఫోలియో జాబితా తెరవండి.

అపోహ: మన దేశంలో దీనికి నిబంధనలు లేవు.

వాస్తవం: కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. తగిన వివరణ, ఆధారం లేకుండా "సహజం", "పర్యావరణ హితం", "కార్బన్ న్యూట్రల్" అనకూడదు. ఒక కిటికీ మాత్రం తెరిచే ఉంచారు: ఏ ఉత్పత్తికీ సంబంధించని కంపెనీ ఆశయ ప్రకటనలు, తప్పుదోవ పట్టించనంత వరకు ప్యాకెట్ మీది పచ్చరంగు, ఆకుల బొమ్మలు దీని కిందికి రావు. ఆశయాల మీద ఎలాగూ ఫిర్యాదు నిలవదు. ఉత్పత్తి మీద చేసిన వాదన అయితే ఆ ప్యాకెట్ ఫొటో తీసి ఉంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.